పాత ఫైబర్ బోటు కొనేముందు ఇంజిన్‌ని లెక్కలోంచి తీసేసి చూడండి

పాత బోటు అమ్మకానికి వచ్చిందని తెలిసి చూడ్డానికి వెళ్ళినవాళ్ళలో నూటికి తొంభైమంది ముందు ఇంజిన్ దగ్గరికే పోతారు. స్టార్ట్ చేయించి, పొగ చూసి, చప్పుడు విని, "ఇంజిన్ గట్టిగా ఉంది" అనుకుని బేరంలోకి దిగుతారు. బోటు చుట్టూ ఒకసారి తిరిగి, రంగు బాగుంటే తల ఊపుతారు. బయానా అక్కడే చేతులు మారుతుంది.

ఈ పద్ధతి తలకిందులుగా ఉందనేది నా వాదన. కొనాలా వద్దా అని తేల్చుకునేటప్పుడు ఇంజిన్ విలువ సున్నా అనుకోవాలి. ఇంజిన్ లేని ఒట్టి బోటు ఇసుక మీద పడి ఉంటే దాన్ని కొంటామా? కొంటామనే జవాబు వస్తేనే ఇంజిన్ వైపు చూడాలి. ఇంజిన్ విప్పి పక్కన పెట్టగలిగే వస్తువు. చెడితే మెకానిక్ ఉంటాడు, సామాను దొరుకుతుంది, మరీ పోతే ఇంకోటి బిగించుకోవచ్చు. బోటు ఒళ్ళు అలా కాదు. దాని జబ్బులు రంగు కింద దాక్కుంటాయి. పైగా సముద్రంలో ఇంజిన్ ఆగితే బోటు కొట్టుకుపోతుంది, ఎవరో ఒకరు లాక్కొస్తారు. ఇంజిన్ బిగించే వెనక పలక విరిగిందంటే ఇంజిన్‌తో సహా మునుగుతుంది.

ఇక్కడ నేను మాట్లాడేది శ్రీకాకుళం నుంచి నెల్లూరు దాకా మన తీరంలో తిరిగే 26 నుంచి 30 అడుగుల ఫైబర్ బోట్ల గురించి. తొమ్మిది, పది హార్స్‌పవర్ల డీజిల్ ఇంజిన్‌కి పొడవాటి షాఫ్టు బిగించినవి కొన్ని, అవుట్‌బోర్డు మోటారు (వెనక పలకకి బయట తగిలించేది) ఉన్నవి కొన్ని. ఒకప్పుడు తెప్పలూ చెక్క నావలూ ఉన్న ఒడ్డున ఇవి నిలదొక్కుకున్నాయి. 1980లలో ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ మద్రాసు కేంద్రంగా నడిపిన బంగాళాఖాతం కార్యక్రమం, ఒడ్డు మీదికి లాక్కోగలిగే బోట్ల నమూనాల మీద చాలా పని చేసింది. ఆ లాక్కోవడమే మన కథలో అసలు సంగతి. దాదాపు వెయ్యి కిలోమీటర్ల తీరంలో హార్బర్లు వేళ్ళ మీద లెక్కపెట్టేన్ని. మిగతా ఊళ్ళలో బోటు రోజూ కెరటాలకు ఎదురుపోవాలి, తిరిగొచ్చి ఇసుక మీద ఈడ్పించుకోవాలి. హార్బర్లో కట్టేసి ఉండే బోటు ఐదేళ్ళు, ఒడ్డుకి లాగే బోటు ఐదేళ్ళు ఒకటి కావు.

బోటు చూడకముందే కాగితాలు చూడండి. కాగితం లేని బోటు ఎంత బాగున్నా మనకి పనికిరాదు. 2008 ముంబయి దాడుల్లో ముష్కరులు చేపల బోటును స్వాధీనం చేసుకుని వచ్చాక దేశమంతటా బోట్ల రిజిస్ట్రేషన్ ఒకే ఆన్‌లైన్ పద్ధతిలోకి వచ్చింది. నంబరు 'ఐఎన్‌డి–ఏపీ'తో మొదలవుతుంది. అందులో 'ఎంఓ' అని ఉంటే మోటారు బోటు (ఇంజిన్ తగిలించిన చిన్న బోటు), 'ఎంఎం' అని ఉంటే మెకనైజ్డ్ బోటు (వల కూడా యంత్రంతో లాగే పెద్ద బోటు). బోటు మీద రాసిన నంబరు, రిజిస్ట్రేషన్ పత్రంలోని నంబరు, 1994 నాటి రాష్ట్ర సముద్ర మత్స్యవేట నియంత్రణ చట్టం కింద ఇచ్చే లైసెన్సులోని నంబరు మూడూ కలవాలి. పొడవు, ఇంజిన్ నంబరు కూడా సరిచూడాలి. ఇంజిన్ మార్చి పత్రంలో మార్చనివి చాలా తిరుగుతుంటాయి. అమ్ముతున్న మనిషి పేరే పత్రంలో ఉందా, అంతకుముందు యజమాని పేరే ఇంకా నడుస్తోందా అన్నది మూడో ప్రశ్న. పేరు మారకుండా రెండు చేతులు మారిన బోటుకి ఇప్పుడు మొదటి యజమాని సంతకం కావాలి. ఆయన ఊళ్ళో లేకపోతే మీ పని అక్కడితో ఆగుతుంది. బోటు సబ్సిడీలో వచ్చిందైతే మంజూరు పత్రం అడిగి, గడువులోగా అమ్మకూడదనే షరతు ఉందేమో చదవండి. బ్యాంకు అప్పుంటే బాకీ లేదనే పత్రం లేకుండా రూపాయి కూడా ఇవ్వొద్దు.

ఇదంతా ఆఫీసు గొడవ అనుకుంటే నష్టపోయేది కొన్నవాళ్ళే. డీజిల్ రాయితీ రిజిస్టరైన బోటుకే వస్తుంది. వేట నిషేధంలో ఇచ్చే 'మత్స్యకార సేవలో' సాయానికి (2025లో కుటుంబానికి 20,000 రూపాయలు) మత్స్యశాఖవాళ్ళు బోటునీ, దాని కళాసీలనీ (బోటులో పనిచేసేవాళ్ళనీ) కలిపి నమోదు చేసుకుంటారు. పేరు మార్పించుకోకుండా కొన్న బోటు మీద మీ కళాసీల నమోదు చిక్కులో పడుతుంది.

చూడ్డానికి మంచి కాలం నిషేధకాలమే. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు బోట్లన్నీ ఒడ్డున ఉంటాయి. అడుగు ఎండి ఉంటుంది, తిరగేయడానికి మనుషులుంటారు, యజమానికి తొందర ఉండదు. ఒకటే లోటు, వేటకి తీసుకెళ్ళి చూడటం కుదరదు. అందుకని ఒడ్డు మీద చేయాల్సిన పరీక్షలన్నీ మే నెలలో ముగించి, చిన్న బయానా ఇచ్చి, మిగతా డబ్బు జూన్ 15 తర్వాత నీళ్ళలో నడిపి చూశాకే అని కాగితం మీద రాసుకోవాలి. జూన్ మొదటి వారానికి ప్రతివాళ్ళకీ బోటు కావాలి. అప్పుడు బేరమాడే బలం అమ్మేవాడిదే.

చేతిలో ఉండాల్సినవి: రూపాయి బిళ్ళ, స్క్రూడ్రైవరు, టార్చిలైటు, ముప్పై అడుగుల నూలుతాడు, నాలుగు మిల్లీమీటర్ల బిట్టుతో డ్రిల్లు. ఇవి తేవడానికి పెద్ద ఖర్చేమీ లేదు. డబ్బు తక్కువున్నవాళ్ళకి ఇన్ని పరీక్షలు ఎక్కడ కుదురుతాయని కొందరంటారు. రెండో బోటు కొనే స్తోమత లేనివాళ్ళకే ఇవి ఎక్కువ అవసరం.

మొదట రంగు. అమ్మకానికి ముందు కొత్తగా రంగు వేసిన బోటుని అనుమానంతోనే చూడాలి. లోపలి వైపు, అడుగున, అమరం (బోటు వెనక భాగం) మూలల్లో రంగు మందంగా ఉంటే ఏదో కప్పారని అర్థం. స్క్రూడ్రైవరుతో రెండుమూడు చోట్ల గోరంత మేర గీకి చూడనివ్వమని అడగండి. కింద లప్పం కనిపిస్తే ఆ మరమ్మతు ఎందుకు చేశారో చెప్పించుకోవాలి.

తర్వాత వెనక పలక. పాత ఫైబర్ బోటుకి ఆయుష్షు తేల్చేది ఇదే, ఎక్కువమంది చూడకుండా వదిలేసేదీ ఇదే. పైకి ఫైబరే కనిపిస్తుంది కానీ లోపల ఉండేది ప్లైవుడ్. రెండు ఫైబర్ పొరల మధ్య ప్లైవుడ్ పెట్టి మూసేస్తారు. ఇంజిన్ బోల్టుల కోసం ఆ పలకకి రంధ్రాలు వేస్తారు. ఆ రంధ్రాల చుట్టూ సీలెంటు ఎండి చిట్లితే ఉప్పునీరు లోపలికి చేరుతుంది, బయటికి రావడానికి దారి ఉండదు. రెండు మూడేళ్ళలో లోపలి చెక్క చివికిపోతుంది. పైన ఫైబర్ మాత్రం మెరుస్తూనే ఉంటుంది.

దీన్ని పట్టుకోవడం ఇలా. అవుట్‌బోర్డైతే మోటారుని సగం పైకెత్తి, కింది కొస పట్టుకుని పైకీ కిందికీ గట్టిగా ఊపాలి. ఇంకొకరు పలక మీద అరచెయ్యి ఆనించి, పలక అడుగుతో కలిసే మూల మీద కన్ను వేసి ఉంచాలి. పలక కదిలినా, మూలలో రంగు సన్నని గీతలా తెరుచుకుని మూసుకున్నా లోపల చెక్క పోయినట్టే. పొడుగు షాఫ్టు డీజిల్ ఇంజిన్లకి బోల్టు రంధ్రాలు చూడాలి. ఒకే సిలిండరు ఇంజిన్ అదురు ఎక్కువ. గుండ్రని రంధ్రం సాగి కోలగా అయిందంటే పలక మెత్తబడింది. ఇంకా అనుమానం ఉంటే యజమాని ఒప్పుకుంటే లోపలి వైపు నుంచి పలక కింది భాగంలో రెండు సెంటీమీటర్ల లోతు డ్రిల్లు చేయండి, అవతలికి పోనివ్వొద్దు. బిట్టుతో వచ్చే పొట్టుని అరచేతిలో వేసుకుని నలిపి చూడండి. లేతరంగులో పొడిపొడిగా రాలితే మంచిది. నల్లగా, తడిగా, ముద్దకట్టి, నాచు వాసన వస్తే కుళ్ళిపోయింది. చూశాక ఆ రంధ్రాన్ని ఎపాక్సీ పుట్టీతో మూసెయ్యడం మీ బాధ్యత. మూస్తానన్నా డ్రిల్లు చెయ్యనివ్వని యజమాని బోటు మీద నేనైతే డబ్బు పెట్టను.

ఇక అడుగు. బోటుని తిరగేయకుండా కొనకండి. పదిమంది కలిస్తే పది నిమిషాల పని. ఇసుక మీద ఈడ్చే బోటుకి ముందు అరిగేది అడుగున నడిమి వెన్ను, ముఖ్యంగా అణియం (బోటు ముందు భాగం) నేలకి తగిలే మొదటి నాలుగైదు అడుగులు, అమరం దగ్గర చివరి మూడడుగులు. పైనుండే నున్నటి జెల్‌కోటు పోతే కింద గాజుపీచు దారాల్లా బయటపడుతుంది. దారాలు బయటపడిన చోటునుంచి నీరు వాటి వెంబడే లోపలికి పాకుతుంది. వేలితో రాస్తే గరుకుగా, తెల్లగా ఉన్నంతవరకు బాగుచేయొచ్చు. గోధుమరంగులోకి మారి గోటితో పొరలు లేస్తుంటే మందం తగ్గిపోయినట్టు. తర్వాత నూలుతాడుని అణియం నుంచి అమరం దాకా వెన్ను మీద బిగించి పట్టండి. వెన్నులో సహజంగా ఉండే వంపు ఎక్కడా తెగకుండా సాఫీగా సాగాలి. మధ్యలో ఎక్కడైనా తాడుకీ వెన్నుకీ మధ్య ఎడం హఠాత్తుగా మారితే బోటు వెన్ను వంగింది. దానికి మరమ్మతు లేదు.

రూపాయి బిళ్ళతో అడుగంతా, రెండు పక్కలా జానెడు జానెడు దూరంలో కొట్టుకుంటూ పోండి. పొరలు అతుక్కుని ఉన్న చోట టక్కుమని గట్టిగా మోగుతుంది. పొరలు విడిపోయిన చోట డొల్లగా, మందంగా వినిపిస్తుంది. ఒక చిన్న మెలకువ: లోపల పక్కటెముకలు, ఫోము ఉన్న చోట చప్పుడు ఎలాగూ మారుతుంది. అందుకని ఎడమ పక్క ఒక చోట కొట్టాక కుడి పక్క సరిగ్గా అదే చోట కొట్టి పోల్చాలి. రెండూ ఒకేలా ఉంటే నిర్మాణమే అంత. ఒకటి మారితే అది జబ్బు. అడుగున చిన్నచిన్న బొబ్బలు కనిపిస్తే ఒకదాన్ని కళ్ళకి దూరంగా ఉంచి పొడవండి. వెనిగర్ లాంటి పుల్లటి వాసనతో నీరు కారితే ఉప్పునీరు, గాజుపీచుని పట్టి ఉంచే రెజిన్‌లోకి చేరి పని చేస్తోందని. అరచేతి వెడల్పులో నాలుగైదు బొబ్బలుంటే బేరం తగ్గించుకోవచ్చు. అడుగంతా పొక్కితే వదిలేయండి.

లోపలికి దిగి పక్కటెముకల మీద కాలితో నొక్కండి. అంచుల్లో పటపటమంటే అవి ఒంటి నుంచి ఊడుతున్నాయి. వల లాగే వైపు అంచు మీద తాళ్ళు కోసిన గాడులు ఎంత లోతుగా ఉన్నాయో చూడండి. బోటు ఎంత పని చేసిందో యజమాని మాట కంటే ఆ గాడులు సరిగ్గా చెబుతాయి.

బోటు మునగకుండా ఉండటానికి లోపల ఫోము నింపిన అరలు ఉంటాయి. పగుళ్ళలోంచి చేరిన నీరు ఆ ఫోములో నిలిచిపోతే బోటు బరువెక్కుతుంది, డీజిలు ఎక్కువ తాగుతుంది, బోల్తా పడిన రోజున తేలదు. అర కింది మూలలో చిన్న రంధ్రం వేస్తే తెలుస్తుంది. నీరు ధారకడితే ఫోము మొత్తం తీసి కొత్తది నింపాలి. ఇంకో గుర్తు: ఖాళీ బోటుని నీళ్ళలో ఉంచినప్పుడు పాత నీటిగీత కంటే అమరం కిందికి కూర్చుంటే ఆ బరువు ఎక్కడో దాగి ఉంది.

"ఫైబరే కదా, గాజుపీచు మ్యాటు వేసి రెజిన్ పూస్తే సరిపోతుంది" అనే మాట ఒడ్డున రోజూ వింటాం. ఎదుటివాదనల్లో గట్టిది ఇదే, ఎందుకంటే సగం నిజం. ఫైబర్ నిజంగానే బాగుచేసుకోవచ్చు. కానీ కొత్త బోటు కట్టేటప్పుడు పొరలు పచ్చిగా ఉండగానే ఒకదాని మీద ఒకటి పడి రసాయనికంగా కలిసిపోతాయి. గట్టిపడిన పాత పొర మీద వేసే కొత్త పొర జిగురులా అంటుకుంటుంది అంతే. అందుకే పాత పొరని రుద్ది, పగులు చుట్టూ వాలుగా చెక్కాలి. ఆ వాలు మందానికి పన్నెండు రెట్లు ఉండాలి. ఆరు మిల్లీమీటర్ల మందమైతే పగులు చుట్టూ ఏడు సెంటీమీటర్లు. మంచినీళ్ళతో ఉప్పు కడిగి, కొన్ని రోజులు పూర్తిగా ఆరనివ్వాలి. కిలో రెజిన్‌కి దాన్ని గట్టిపరిచే హార్డెనర్ 10 నుంచి 20 గ్రాములు. ఎక్కువ పోస్తే త్వరగా గట్టిపడుతుంది కానీ పెళుసుబారుతుంది. గట్టిపడే వేగం పెంచే యాక్సిలరేటర్‌ని రెజిన్‌లో కలిపాకే హార్డెనర్ కలపాలి. ఈ రెండింటినీ నేరుగా ఒకదానిలో ఒకటి పోస్తే పేలుతుంది, మనుషులు కాలిపోతారు. ఒడ్డున జరిగే మరమ్మతుల్లో ఎన్నింటికి ఇంత ఓపిక ఉంటుంది? తడి మీదే, ఉప్పు మీదే, రేపు వేటకి పోవాలనే తొందరలో పూసినవే ఎక్కువ. అవి వచ్చే వానాకాలానికి పొలుసుల్లా లేస్తాయి. వెనక పలక మార్చడం ఇంకా పెద్ద పని. లోపలి పొర కోసి, కుళ్ళిన చెక్క తవ్వి, ఐఎస్ 710 గుర్తున్న మెరైన్ ప్లైవుడ్ 19 మిల్లీమీటర్లవి రెండు రెజిన్‌తో అతికించి, మ్యాటూ నేతగుడ్డా మార్చిమార్చి వేసి మూలలు కట్టాలి. చేయగలిగిన పనే. కానీ ఆ ఖర్చూ, ఆ రోజులూ ధరలోంచి తీసేయాల్సిందే.

ఇప్పుడు ఇంజిన్. వెళ్ళగానే దాని మీద చెయ్యి పెట్టండి. వేడిగా ఉంటే మీకోసం ముందే తిప్పి ఉంచారు, ఇంకోరోజు వస్తానని చెప్పండి. చల్లటి ఇంజిన్ ఎలా స్టార్టవుతుందో చూడటమే సగం పరీక్ష. నీలం పొగ ఆగకుండా వస్తే ఆయిలు కాలుతోంది, నల్లపొగ ఇంజెక్టరో గాలో, వేడెక్కినా తగ్గని తెల్లపొగ కంప్రెషన్ పడిపోయిందనడానికి గుర్తు. నడుస్తుండగా ఆయిలు మూత తీస్తే పొగ గుప్పుగుప్పున కొడుతుంటే రింగులు అరిగాయి. ఆయిలు పాలలా తెల్లబారితే నీరు కలిసింది. పొడుగు షాఫ్టుని చేత్తో తిప్పుతూ కొస చూడండి, కొస గుండ్రాలు తిరిగితే షాఫ్టు వంగింది. ఫ్యాను (ప్రొపెల్లరు) పట్టుకుని అటూ ఇటూ కదిపితే బుష్ అరుగుదల తెలుస్తుంది. అవుట్‌బోర్డుకి గేరు ఆయిలు బోల్టు వదులు చేసి రంగు చూడాలి, పక్కనుంచి ఇంజిన్ని చల్లబరిచే నీటి ధార తెంపులేకుండా రావాలి, సిలిండర్ల మధ్య కంప్రెషన్ తేడా పదిశాతం దాటకూడదు. మూత కింద స్క్రూల తలలు తుప్పుపట్టి, సందుల్లో తెల్లటి ఉప్పు పేరుకుని ఉంటే ఆ మోటారు ఎప్పుడో సముద్రంలో మునిగి తేలింది.

నీళ్ళలో పరీక్షకి ఖాళీ బోటు తీసుకెళ్ళొద్దు. మామూలుగా వేటకి వెళ్ళే మనుషులు, అంతే బరువు ఐసు, వలలు వేసుకుని గంటసేపు నడపాలి. బయల్దేరే ముందు లోపలంతా తుడిచి పొడి చేయండి. ఆ గంటలో పది నిమిషాలు పూర్తి వేగం. ఒక చోట ఇంజిన్ ఆపి, ఐదు నిమిషాలాగి మళ్ళీ స్టార్ట్ చేయండి. చల్లగా ఉన్నప్పుడు మొరాయించని ఇంజిన్ కూడా ఒక్కోసారి వేడి మీద మొరాయిస్తుంది. ఒడ్డుకొచ్చాక అడుగున ఎన్ని నీళ్ళు ఊరాయో, ఎక్కడినుంచి ఊరాయో చూడాలి. గంటలో నీళ్ళు తోడాల్సి వస్తే అది చిన్న ఊట కాదు.

లెక్క ఎలా కట్టాలో ఉదాహరణకి ఊహ అంకెలతో చూపిస్తాను. మీ ఊరి అంకెలు మీరు వేసుకోండి. ఏడేళ్ళ బోటుకి ఇంజిన్‌తో కలిపి 2,20,000 అడుగుతున్నారు. అదే పొడవు కొత్త బోటు ఒట్టి ఒళ్ళు యార్డులో 3,00,000 చెప్పారనుకుందాం. ఇసుక మీద లాగే బోటుకి నేను 12 ఏళ్ళకి మించి ఆయుష్షు వెయ్యను. మిగిలింది ఐదేళ్ళు, అంటే 1,25,000. వెన్ను, అంచుల మరమ్మతు 30,000 తీసేయండి. మరమ్మతుకి పట్టే పది రోజులు వేట పోతుంది. రోజుకి 2,000 చొప్పున 20,000 అదీ తీసేయండి. ఒంటి విలువ 75,000. ఇది కొనదగిన బోటే. ఇంజిన్‌ని విడిగా అమ్మితే మెకానిక్ ఎంతకి కొంటాడో అడిగి అంతే కలపండి. 50,000 అన్నాడనుకుంటే మొత్తం 1,25,000. అడిగిన ధరకీ దీనికీ మధ్య ఉన్న 95,000 మెరిసే ఇంజిన్‌ని చూసి మనం కట్టబోయిన సొమ్ము.

ఆ సొమ్ము ఎక్కడినుంచి తెస్తున్నారన్నదీ బోటు ధరలో భాగమే. చేపల వ్యాపారి దగ్గర అడ్వాన్సు తీసుకుని బోటు కొంటే వడ్డీ కనిపించదు, కానీ చేప అతనికే వెయ్యాలి, అతను చెప్పిన ధరకే వెయ్యాలి. కిలోకి పదిరూపాయలు తగ్గినా ఏడాదికి ఎంతవుతుందో లెక్కేసుకున్నాకే ఆ చెయ్యి చాచండి.

వెనక పలక ఒక్కటే పోతే తక్కువ ధరకి కొనొచ్చు. వెన్ను అరగడం ఒక్కటే అయినా కొనొచ్చు. రెండూ కలిసి పోయినా, ఫోము తడిసి పలక కుళ్ళినా, వెన్ను వంగినా ఊరికే ఇస్తానన్నా తీసుకోవద్దు. చెక్క నావైతే నీటిగీత కింద స్క్రూడ్రైవరుతో పొడిచి చూడండి. పైకి సూదిమొనంత బెజ్జాలే ఉన్నా లోపల ఓడపురుగు సొరంగాలు చేసి ఉంటుంది, స్క్రూడ్రైవరు సులువుగా దిగబడుతుంది.

బేరం కుదిరాక ఒప్పందంలో బోటు నంబరు, ఇంజిన్ నంబరు, వలలూ లంగరూ ఏవేవి ఇస్తున్నారో, జీపీఎస్, లైఫ్‌జాకెట్ల లెక్క విడివిడిగా రాయించండి. ప్రభుత్వం ఉచితంగా బిగించిన ట్రాన్స్‌పాండర్ ఉంటే అది ఆ బోటు పేరు మీదే నమోదై ఉంటుంది. ఆపదలో దానినుంచి సంకేతం పంపితే పాత యజమాని వివరాలు వెళ్ళకుండా ఉండేందుకు మత్స్యశాఖలో మీ పేరు, ఫోన్ నంబరు మార్పించాలి. మత్స్య సంపద యోజన కింద ఉన్న ఐదు లక్షల ప్రమాద బీమా మనిషికే, బోటుకి కాదు. బోటుకి బీమా విడిగా చేయించుకోవాలి, దానికి పాలసీ మీ పేరున ఉన్న రిజిస్ట్రేషన్ మీదే ఇస్తారు. చివరి విడత డబ్బు పేరు మార్పు పత్రం చేతికొచ్చిన రోజున ఇవ్వండి, అప్పటిదాకా బోటు అమ్మినవాళ్ళ ఒడ్డునే ఉండనివ్వండి.